నా గ్యాస్ బండ మీద వచ్చిన పెళ్లివారు

తొంభైల్లో, పెళ్లయిన కొత్తలో మా కాపురం గోదావరి లంకలో. ఆ సాయంత్రం మా ఆడపడుచుకి పెళ్లిచూపులు. నెల్లాళ్లు తిరిగితే దొరికిన గ్యాస్ బండతో టౌను నుంచి సరుకుల పంటు ఎక్కాను. కిరోసిన్ దొరక్క దాని ఇంజన్ని కూడా వంటగ్యాస్‌తోనే నడిపేవారు. నడిగోదావరిలో గ్యాస్ అయిపోయి పంటు వాలుకి కొట్టుకుపోసాగింది. అందరూ నా బండ వైపే చూశారు. భయంతో ఇచ్చేశాను.

రేవు చేరాక అడిగితే, పంటు నడిపే సరంగు బండ తియ్యలేదు.

"అవతల మీ పెళ్లివారే ఉన్నారండి. వాళ్లని తీసుకురావద్దాండి?"

పెళ్లివారు టైముకే వచ్చారు. నేను పచ్చికట్టెలు ఊదుకుంటూ బజ్జీలు గంట ఆలస్యంగా పెట్టాను.

"మా కోడలికి చురుకు తక్కువండి," అన్నారు అత్తగారు వాళ్లతో.

సరంగు మీద కోపం ఎప్పుడో పోయింది. ఆ మాట మీద మాత్రం ఇంకా పోలేదు.