మాటల్లేని లైన్ క్లియర్

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, వానాకాలం మొదలవుతుండగా, నేను కరెంటు శాఖ అసిస్టెంట్ ఇంజనీరుగా లింగాల సెక్షన్‌లో చేరాను. సబ్ ఇంజనీరుగా మొదలుపెట్టి పదోన్నతి మీద వచ్చినదాన్ని కాబట్టి స్తంభాలూ తీగలూ నాకు కొత్త కాదు.

తెలియనివారి కోసం ఒక మాట చెప్పాలి. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కు ఫోన్ చేసి లైన్ క్లియర్ అడుగుతాడు. మేం ఎల్సీ అంటాం. ఆపరేటర్ అటు పోయే లైనుకు, అంటే ఆ ఫీడర్‌కు, కరెంటు ఆపి, ఎవరి పేరు మీద ఆపాడో రాసుకుంటాడు. పని ముగిశాక, ఎల్సీ తీసుకున్న మనిషే ఫోన్ చేసి తిరిగి ఇవ్వాలి. అప్పుడే కరెంటు వదలాలి. మధ్యలో మూడో మనిషి ఉండకూడదు.

మా ఆపరేటర్ పర్వతాలు, లైన్‌మన్ కుర్మయ్య బావాబామ్మర్దులు. కుర్మయ్య అక్కనే పర్వతాలు చేసుకున్నాడు. నేను చేరడానికి కొద్ది రోజుల ముందు కుర్మయ్య తల్లి చనిపోయింది. అంత్యక్రియలకు పర్వతాలు రాలేదు. అంతా అయిపోయాక వచ్చాడు. కుర్మయ్య పదిమందిలో ఏదో అన్నాడట. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇది ఆఫీసులో అందరికీ తెలుసు. ఇంటి గొడవ ఇంట్లోనే ఉంటుందని నేనూ అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చి పత్తి చేలల్లో తీగలు తెగాయి. నేను సబ్‌స్టేషన్‌లోనే ఉన్నాను. పెద్ద లైన్‌మన్ ఖాజా ఆ ఫీడర్ మీద ఎల్సీ తీసుకుని పనిచేస్తున్నాడు. రైతుల ఫోన్లు ఆగడం లేదు. కొంతసేపటికి ఖాజా ఫోన్ చేసి తన పని అయిందన్నాడు. పర్వతాలు రాసుకుని, కరెంటు వదలడానికి లేచి ప్యానెల్ దగ్గరికి నడిచాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఎందుకో అనుమానం వచ్చి అడిగాను. "కుర్మయ్య ఎక్కడ పనిచేస్తున్నాడు?"

అతను ముఖం తిప్పుకున్నాడు. "నాకు తెల్వదు మేడం."

"నీకు ఫోన్ చేయలేదా?"

"నాకెందుకు చేస్తడు? ఆయనకేం గావాలన్నా ఖాజా అన్నకే చెప్తడు."

స్విచ్ మీద చెయ్యి వేయొద్దని చెప్పి ఖాజాకు ఫోన్ చేశాను. కుర్మయ్య ఎక్కడున్నాడని అడిగాను. "యా అల్లా... కుర్మయ్య గూడ గదే ఫీడర్ మీద ఉన్నడు మేడం. నా ఎల్సీ మీదనే ఎక్కిండు. నాది అయిందనే చెప్పిన గాని, ఆయన సంగతి యాది మర్చిన."

ఖాజాను అటు పరుగెత్తమన్నాను. 'మనుషులు పనిలో ఉన్నారు' అనే బోర్డు ప్యానెల్‌కు తగిలించాను. కరెంటు ఎటూ ఆగే ఉంది. అయినా భయం తగ్గలేదు. తీగ మీద ఇంకెవరున్నారో, అవతలి వైపు నుంచి ఎవరైనా తీగలోకి కరెంటు వదులుతారేమో మాకు తెలియదు. కుర్మయ్య ఫోన్ ఎత్తడం లేదు.

పర్వతాలు తన ఫోన్ తీశాడు. ఆపరేటర్ డ్యూటీలో గది విడిచి పోకూడదు, పోలేడు. అదే నంబర్‌కు మళ్ళీ మళ్ళీ చేస్తూ నిలబడ్డాడు. చెమట గడ్డం మీదుగా కారుతోంది.

చివరికి అవతల ఎత్తారు. కుర్మయ్య గొంతు నాకూ వినబడింది.

"బావా, అక్కకేమైంది?"

ఇన్నాళ్ళుగా మాట్లాడని బావ నుంచి వరసగా ఫోన్లు వచ్చేసరికి, అక్కకేదో అయిందనే అనుకున్నాడు. పర్వతాలు గోడకు ఆనుకున్నాడు.

"అక్కకేం గాలె. నువ్వు దిగినవా? జర చెప్పు, కింద ఉన్నవా?"

"ఇప్పుడే దిగిన. ఏంది బావా, గట్ల మాట్లాడుతున్నవ్?"

ఫోన్ నేను తీసుకున్నాను. అందరూ తీగకు దూరంగా ఉన్నారని ఖాజా అక్కడికి చేరి చెప్పాక, పని అయిందన్న మాట ఎవరిది వారి నోటి నుంచే విన్నాక, కరెంటు వదిలాం.

మర్నాడు ఇద్దరినీ నా గదిలో కూర్చోబెట్టాను. ముందు నేలచూపులు చూశారు. కుర్మయ్య తల్లి పోయిన రోజు ఏమైందో చెప్పమని పర్వతాలును అడిగాను. తర్వాతి షిఫ్టు మనిషికి జ్వరమొచ్చి రాలేదని, గది విడిచి పోతే ఫీడర్లు ఎవరు చూస్తారని ఉండిపోయానని చెప్పాడు. అప్పటినుంచి తనకు సరిగా నిద్ర లేదన్నాడు.

"గీ ముచ్చట గప్పుడే చెప్పొద్దా బావా?" అన్నాడు కుర్మయ్య.

"నువ్వు అడిగితివా? అందరి ముందల తిట్టి పోతివి."

"అక్క నాతోని గూడ మాట్లాడతలేదు," అన్నాడు కుర్మయ్య. "మీ ఇద్దరి మధ్య నన్ను సంపుతున్నరు అని ఏడ్చింది." ఆ సాయంత్రం కుర్మయ్య పర్వతాలు వాళ్ళింటికి వెళ్ళాడని తర్వాత తెలిసింది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

పై అధికారికి జరిగినది జరిగినట్టు రాశాను. ముగ్గురికీ మెమోలు వచ్చాయి. పర్వతాలును కొన్నాళ్ళు సెలవు పెట్టి నాగర్‌కర్నూల్ పెద్ద దవాఖానలో చూపించుకోమన్నాను. మొదట సిగ్గుపడ్డాడు. నిద్ర లేని మనిషిని స్విచ్ దగ్గర నిలబెట్టలేనని చెప్పాక పోయాడు.

ఆ తర్వాత పొద్దున పని పంచేటప్పుడు గ్లౌజులు, తీగను నేలకు కలిపే ఎర్త్ రాడ్ చూపించమనడంతో పాటు రాత్రి నిద్ర పట్టిందా, ఎవరితోనైనా మాటలు బందైనాయా అని కూడా అడిగేదాన్ని. జవాబు సరిగా లేనివాడికి ఆ రోజు నేల మీది పనే. మొదట్లో నవ్వారు. తర్వాత వాళ్ళే వచ్చి చెప్పేవారు.

కోపం ఎవరికైనా వస్తుంది. దాన్ని పైకి చెప్పుకునే చోటు పనిలో లేకపోతే, చెప్పాల్సిన మాట మూడో మనిషి నోటి గుండా వెళ్తుంది, దారిలో సగం పోతుంది. ఆ చోటు ఏర్పాటు చేయడం కూడా ఇంజనీరు డ్యూటీయే అని నాకు లింగాలలో తెలిసింది.