ఆడబాప చెల్లెలు

అమెరికాలోని షామ్‌బర్గ్‌లో కూతురు సుధ ఇంట్లో ఎల్లవ్వ సోఫా పక్కన నేలమీదే కూర్చుంటుంది. ఎవరొచ్చినా లేచి నిలబడుతుంది. ఆమె తల్లి దొర గడీలో వెట్టిమనిషి. తల్లి ముద్దుగా జడవేసి ముస్తాబు చేసిన అక్క మీద దొర కన్ను పడింది. పెళ్లయిన తన కూతురి వెంట అత్తారింటికి ఆడబాపగా, జీవితాంతం దాసిగా పంపేశాడు. అక్క మళ్లీ కనిపించలేదు. ఆ తర్వాత తల్లి ఎల్లవ్వను ఏనాడూ దగ్గరికి తీసుకోలేదు.

మొన్న మనవరాలు ఉజ్వల, కాలేజీలో చదువుతున్న బానిసల నవల గురించి చెప్పింది. “అమ్మమ్మా, ఇందులో మదర్ బేబీని అసలు హగ్ చెయ్యదు. వై?”

“ఎత్తుకుంటే దొర కండ్లల్ల పడ్తది బిడ్డా.”

ఉజ్వల ఏడుస్తూ ఆమెను వాటేసుకుంది. ఎల్లవ్వ చేతులు లేవలేదు.

“నన్నుగూడ ఎన్నడు దగ్గరికి తీస్కోలేదు గదమ్మా,” అంది సుధ.

“అందుకే నిన్నెవ్వలు తీస్కపోలే,” అంది ఎల్లవ్వ.