రాహేలక్కకు తోడు పోయిన రోజు

ఎండకు కాగిన నాపరాళ్ళ మీద నీళ్ళు చల్లితే ఒక వేడి వాసన లేస్తుంది. మా ప్రొద్దుటూరు మేడ మీద ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు రాహేలక్క గుర్తొస్తుంది. నేను టీచరుగా చేసే బడిలోనే ఆమే టీచరు, వయసులో నాకంటే చాలా పెద్దది. ఆమె పుట్టిన ఊరు కొండాపురం దగ్గర ఉండేది. గండికోట రిజర్వాయరు నిండినప్పుడు మునిగిపోయింది.

ఊరు మునిగిన మరుసటేడు నేను స్కూటరు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాను. ఎముక అతుక్కుంది, ఇక భయం లేకుండా నడవమని డాక్టరు చెప్పాడు. చెప్పడానికేం, నాకు మెట్లు చూస్తేనే గుండె జారేది. నా తరగతేమో పై అంతస్తులో. ఉద్యోగం మానేస్తానని ఇంట్లో తేల్చేశాను. అది విని అక్క వచ్చింది. ఓదారుస్తుందనుకున్నాను.

"ఆదివారం చర్చి అయినాంక నాతో రా. కొండ మీద నుంచి మా ఊరి నీళ్ళు సూసొద్దాం," అంది.

"నా కాలు సంగతి తెలుసు కదక్కా."

"నీ కాలుతో నాకేం పని? ఊరు మునిగినాంక ఆ పక్కకే పోల్యా నేను. ఒక్కదాన్నే పోవాలంటే మనసు రాదు. తోడుండు, సాలు."

తోడు రమ్మంటే ఎలా కాదనను? కొండ మీద రోడ్డు ఉన్నంత దూరం ఆటోలో పోయి, అక్కడి నుంచి కొండ గట్టు వెంబడి నడిచాం. ఎండ ఫెళ్ళున కాస్తోంది. అక్క ముందు, కర్ర పట్టుకుని మనసులో ఆమెను తిట్టుకుంటూ నేను వెనక. కొంత దూరం పోయాక రాళ్ళ మధ్య ఆగి అటూ ఇటూ చూసింది. చూసి చూసి కూలబడింది.

"దావ తెలీడంల్యా పద్మా. ఎప్పుడూ ఊర్లోనుంచి ఎక్కినదాన్నే. నా గుర్తులన్నీ నీళ్ళ కిందుండాయి. మా కొండ మీద నేనే తప్పిపోతి. పా, ఎనక్కి పోదాం."

అక్క కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అదే మొదలు. నాకు ఒళ్ళు మండింది. ఇంత దూరం వచ్చి, ఊరు చూడకుండా పోవడమా?

"లే అక్కా. నా ఎనకాల రా," అన్నాను.

నేను పుట్టిన ఊరు లింగాలలో మాకు గొర్రెలుండేవి. పెంటికలు రాలిన చోటల్లా గొర్రెల బాట ఉంటుంది, అది ఎటు తిరిగినా నీళ్ళ దిక్కుకే పోతుంది. దాన్ని పట్టుకుని నడిచాను. ఒకచోట నడుమెత్తు బండ అడ్డమొచ్చింది. ఎక్కి, చెయ్యందించి అక్కను పైకి లాగాను. లాగాక గానీ చూసుకోలేదు, విరిగిన కాలి మీదే బరువంతా వేసి నిలబడ్డాను. కర్ర కిందే ఉండిపోయింది. గట్టిగా నవ్వేశాను.

కాగిన బండలను నీళ్ళు తడిపే ఆ వేడి వాసన ముందు తగిలింది, కొండ కొసన నీళ్ళు ఒక్కసారిగా కనబడ్డాయి. అక్క చాలాసేపు చూసి, చెయ్యి చాపింది. "ఆ వంపు కాడ చర్చి. దానెనక మా ఇల్లు." ఆ గొంతులో ఏడుపు లేదు.

తిరిగొస్తూ, ఊరు మునిగాక అక్క వాళ్ళ ఊరివాళ్ళకు ఇళ్ళిచ్చిన కాలనీలో ఆగాం. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అక్క ఒకటే చెప్పింది: "పద్మ తీసకపోయింది నన్ను. అది లేకుంటే ఊరు సూడకనే వస్తాంటి." నా ఛాతీ ఎంత ఉప్పొంగిందో చెప్పలేను. మర్నాడు బడి మెట్లు ఎక్కాను.

అక్క ఇప్పుడు లేదు. నేనే ఆ బడికి పెద్ద టీచరునయ్యాను. ఎవరైనా నావల్ల కాదంటూ వస్తే నేను ధైర్యం చెప్పను. నాకొక పనుంది, కాస్త తోడు రమ్మని అడుగుతాను.