రెండు దీవుల సున్నాలు

సుబ్బన్న ఎవరి మాటా కాదనలేని మనిషి. ఒడ్డునున్న తడ నుంచి సరస్సులోకి పడవకు గెడ వేసుకుంటూ పోతే ముందు ఉప్పుదిబ్బ, దాని అవతల కొంగలదిబ్బ. రెండూ అరచేతంత దీవులు. మనుషుల్ని అటూ ఇటూ చేరవేయడమే అతని బతుకు. చదువుకున్నవాళ్ళు చెప్పిందల్లా వేదమనుకునేవాడు. ఆ మంచితనమే అతని కొంప ముంచింది.

రెండు దీవులకూ ఇద్దరు ఆరోగ్య కార్యకర్తలు. ఉప్పుదిబ్బకు స్టెల్లా, కొంగలదిబ్బకు గురవమ్మ. కాన్పుల్లో తల్లులెందరు పోయారో, బిడ్డలెందరు పోయారో నెలనెలా పైకి పంపడం వాళ్ళ పని. పైవాళ్ళు రెండు దీవుల లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసేవారు. చావు రాసిన దీవికి చీవాట్లు, సున్నా పెట్టిన దీవికి చప్పట్లు. అవతలి దీవి సున్నా పెట్టాక ఇవతలి దీవి ఒకటి ఎలా వేస్తుంది? మనిషిని బతికించడం కంటే సున్నాను బతికించడం సులువు. ఆ సంగతి ఆడవాళ్ళిద్దరికీ తొందరగానే వంటబట్టింది.

సుబ్బన్నది ఉప్పుదిబ్బ. ఒక్కగానొక్క కూతురు లోకేశ్వరిని కొంగలదిబ్బలో ఇచ్చాడు. తొలి కాన్పుకు పుట్టింటికి తెచ్చుకున్నాడు. నెలలు నిండేసరికి పిల్ల కాళ్ళూ మొహమూ ఉబ్బాయి, కళ్ళు మసకలు కమ్మాయి. స్టెల్లా రక్తపోటు చూసి మొహం ముడుచుకుంది. తడలోని పెద్దాసుపత్రికి చీటీ రాస్తే ఆ గర్భిణి రాసినవాళ్ళ దీవి లెక్కలో పడుతుంది. అందుకని, పిల్ల ఏ దీవి కోడలో లెక్కా ఆ దీవిదేనని, గురవమ్మ దగ్గరే రాయించుకోమని చెప్పింది. సుబ్బన్న కూతుర్ని పడవలో పడుకోబెట్టుకుని బయల్దేరాడు.

గురవమ్మ పడవ దిగనివ్వలేదు. "తొలి కాన్పు పుట్టింటోళ్ళది కదన్నా. మన ఆచారం నీకు తెల్దా? స్టెల్లానే రాయమను" అనింది.

అదీ న్యాయంగానే తోచింది సుబ్బన్నకు. పడవ వెనక్కి తిప్పాడు. స్టెల్లా మళ్ళీ అటే పంపింది. ఈసారి గెడ వేస్తుంటే లోకేశ్వరి అతని పంచె పట్టుకుంది.

"నాయనా, వాళ్ళనీ వీళ్ళనీ అడగొద్దు. తడకు పోదాం పా."

చీటీ లేకుండా పోతే ఆసుపత్రిలో కసురుకుంటారేమోనని జంకాడు ఆ పిచ్చితండ్రి. కొంగలదిబ్బ కనబడుతుండగా పిల్లకు ఫిట్స్ వచ్చాయి. అప్పుడు తిప్పాడు పడవను తడ వైపు. గట్టు చేరకముందే లోకేశ్వరీ, కడుపులో బిడ్డా పోయారు.

ఆ చావును ఏ దీవీ తీసుకోలేదు. మా గడ్డ మీద పోలేదు అంది స్టెల్లా. మా గడ్డ మీదా పోలేదు అంది గురవమ్మ. సుబ్బన్న ఇద్దరి కాళ్ళూ పట్టుకున్నాడు. తన కూతురు చచ్చిపోయిందని ఎవరో ఒకరు రాస్తే చాలన్నాడు. పైసా పరిహారం అడగలేదు. కళ్ళముందు పోయిన పిల్ల లెక్కలో పోనట్టే ఉంటే అతను ఓర్చుకోలేకపోయాడు. చూద్దామన్నారు ఇద్దరూ.

మరుసటి నెలలో ఆ ఇద్దరికీ జిల్లా కేంద్రం తిరుపతిలో శాలువాలు కప్పారు. రెండు దీవులూ ఒకదాన్ని మించి ఒకటి ఉన్నాయని పెద్దవాళ్ళు మెచ్చుకున్నారట. తిరిగొచ్చేటప్పుడు తడలో వాళ్ళు ఎక్కింది సుబ్బన్న పడవే. మరో పడవ లేదు.

సరస్సు నడుమ అతని ఫోను మోగింది. చావు రాయలేదు కనుక పైవాళ్ళ దృష్టిలో లోకేశ్వరి ఇంకా గర్భిణే. పేరు నమోదప్పుడు ఇచ్చింది తండ్రి నంబరు. ఆరోగ్య శాఖ ఆఫీసు నుంచి ఎవరో అమ్మాయి, కాన్పయిందా, తల్లీబిడ్డా క్షేమమా అని అడిగింది. సుబ్బన్న ఫోను స్టెల్లా చేతిలో పెట్టాడు. విషయం విని స్టెల్లా దాన్ని గురవమ్మకు ఇచ్చింది. ఇక అందించడానికి గురవమ్మకు ఎవరూ లేరు.

"కాన్పయింది మేడం. తల్లీబిడ్డా బాగుండారు" అని చెప్పి, ఫోను సుబ్బన్నకు తిరిగిచ్చేసింది.

సుబ్బన్న గెడ వేయడం ఆపాడు. బుద్ధెరిగాక చదువుకున్నవాళ్ళను అతను ఎదురడగడం అదే మొదలు.

"బిడ్డ ఆడో మగో కూడా సెప్పు గురవమ్మా. ఇంటికి పోయి మా ఆడదాన్ని ఊయల కట్టమంటా."