నారుమడిలో పడిన నూట ఎనభై ఆరో మీటరు

తెలంగాణ వచ్చిన కొత్తలో, హాలియా దగ్గర ఒక ఊరి దవాఖానకు పోయే టెలిఫోన్ కేబుల్ భూమిలో ఎక్కడో తెగింది. కేబుల్ టెస్టర్ పట్టుకుని పెద్దసారు లేకుండా వెళ్లడం నాకదే మొదటిసారి. కాళ్లు నేల మీద ఆనడం లేదు.

ఆ మిషన్ చేసే పని తెలిస్తే నవ్వొస్తుంది. గుట్టకెదురుగా కేకేస్తే అది తిరిగి మన చెవిన పడుతుంది కదా, అంతే. తీగలోకి చిన్న సిగ్నల్ పంపితే తెగినచోట తగిలి వెనక్కి వస్తుంది. పోయి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం తేలుతుంది. తెర మీద గీత పైకి లేస్తే తీగ తెగినట్టు, కిందికి దిగితే రెండు తీగలు అంటుకున్నట్టు. కేబుల్ భూమిలోకి దిగే స్తంభం దగ్గర మిషన్ తగిలిస్తే, నా గీత టక్కున పైకి లేచింది. నూట ఎనభై ఆరు మీటర్లు! స్తంభం కిందే ఈల వేశాను.

టేపు లాక్కుంటూ పోతే ఆ నూట ఎనభై ఆరు సరిగ్గా ఊరంతా ఖాలా అని, అంటే ఉర్దూలో పిన్ని అని, పిలిచే ఒకామె నారుమడి నడుమ పడింది. నీళ్లు మళ్లిస్తున్న ఆమె పరుగున వచ్చి అడ్డం నిలబడింది.

"ఈడ గడ్డపార దింపుతరా? గీ నారు పోతే మళ్ల పోసెటందుకు ఇత్తునాలు లెవ్వు బిడ్డా. గీ వానకాలం నా పొలం బీడే."

నా ఈల ఎగిరిపోయింది. మిషన్ అబద్ధమాడదు, ఆమె కళ్లలో నీళ్లూ అబద్ధం కావు. నాతో వచ్చిన ముసలి లైన్‌మన్ మాత్రం గట్టు మీద కూర్చుని తీరిగ్గా బీడీ ముట్టించాడు. ఆ కేబుల్ పూడ్చింది ఆయనే.

"కాకా, కేబుల్ సీదాగనే ఏసినవా?"

"సీదాగనే ఏసిన. స్తంభం మొదట్ల మాత్రం ఆరు చుట్లు చుట్టి పూడ్చిన. రేపెప్పుడన్న అతుకు పడితే అక్కెరకొస్తదని. మేమంత గట్లనే ఏస్తుంటిమి."

"గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా?"

"నువ్వు మిషన్ని అడిగినవు గని, నన్ను అడిగినవా?"

ఒళ్లు మండింది. మరుక్షణమే నవ్వు ఆగలేదు. సిగ్నల్ ఆ చుట్లన్నీ తిరిగి వస్తోంది, నా టేపేమో తిన్నగా పోతోంది! స్తంభం మొదట్లో తవ్వి కొలిస్తే చుట్లు ఇరవై మీటర్లు. టేపు అంత వెనక్కి తీస్తే గుర్తు మడి బయటికొచ్చి బాట పక్కన పడింది. ఒక్కటే గుంత తవ్వాం. పందికొక్కు కొరికిన కేబుల్ కనబడగానే గంతులేసి, బురదలో జారి కూలబడ్డాను.

నాట్ల నాడు ఖాలా కబురు పంపింది. ఆ నారుతోనే మొదటి వరస నాచేత వేయించింది. అది పాములా వంకరపోయింది. సిగ్గుతో పీకబోతే చెయ్యి పట్టుకుంది.

"వంకరైతేంది బిడ్డా? బతికింది కద."