ఓడ దిగినా ఆగని ఊగుడు

ఆ సోమవారం పొద్దున మా పెయింట్ల షాపులో, రంగులు కలిపే మెషిన్ ముందు నిలబడి షేడ్ నంబరు కొడుతున్నాను. కాళ్ళ కింద నేల మెల్లగా పైకి లేచి, అంతే మెల్లగా కిందికి దిగింది. భూకంపమేమో అనుకుని ర్యాకుల వైపు చూశాను. ఒక్క డబ్బా కూడా కదల్లేదు. నేల మాత్రం మళ్ళీ లేచింది. పక్కనున్న గోడకి అరచెయ్యి ఆనించి నిలబడ్డాను.

రంగు కోసం వచ్చిన మేస్త్రి నవ్వాడు. "ఏందమ్మా, మీ గోడ మీరే చూసుకుంటన్నారు? సుద్ద రాలతందా?"

పెయింట్లు అమ్మేవాళ్ళకి ఒక పాడు అలవాటు ఉంటుంది. పెళ్ళికి వెళ్ళినా, పరామర్శకి వెళ్ళినా, గోడ కనిపిస్తే అరచేత్తో ఒకసారి రుద్ది, చేతికి పొడి అంటిందో లేదో చూస్తాం. ఆ అలవాటు ఊరందరికీ తెలుసు. అందుకే నేను పడిపోకుండా గోడ పట్టుకుని నిలబడుతున్నానని చాలా రోజుల పాటు ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ సోమవారానికి మేము ఓడ దిగి రెండు రోజులే అయింది.

మాది నరసరావుపేట. షాపు మా ఆయనా, వాళ్ళ అన్నగారూ కలిసి నడుపుతారు. మా బావగారు చెడ్డవాడు కాదు గానీ, ఆడమనిషి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే ఆయనకి ఒళ్ళు మండుతుంది. మా మామగారు పోయాక, కంపెనీ వాళ్ళు కొత్త మెషిన్ పెట్టినప్పుడు దాని పని నేర్చుకున్నది నేనొక్కదాన్నే. అట్లా మెల్లగా మెషిన్ నుంచి గల్లా కుర్చీలోకి వచ్చాను. ఆ కుర్చీలో తన బామ్మర్దిని కూర్చోబెట్టాలని బావగారి కోరిక. నేను ఎప్పుడు లేస్తానా అని ఆయన చూస్తున్నాడని నాకు తెలుసు. నా జబ్బు కథ అంతా ఈ కుర్చీ చుట్టూ తిరిగింది కాబట్టి ముందే చెబుతున్నాను.

అమ్మకాల టార్గెట్ దాటినందుకు కంపెనీ డీలర్లకి ఓడ మీద చిన్న టూరు ఇచ్చింది. అంత దూరం వెళ్ళి నాలుగు రోజులకే తిరిగి రావడమెందుకని, మా ఆయనా మరికొందరు డీలర్లూ పైన డబ్బులు వేసుకుని దాన్ని పెద్ద టూరుగా మార్చుకున్నారు. సింగపూర్‌లో ఎక్కి మలేషియా, థాయ్‌లాండ్, వియత్నాం రేవులు చుట్టి రావడం. రెండు వారాల పైనే నీళ్ళ మీద ఉన్నాం.

మగవాళ్ళకి ఓడలో పేకాట దొరికింది. రేవు వచ్చినా దిగేవాళ్ళు కాదు. నాకేమో ఒకచోట కూర్చుంటే తోచదు. ఓడవాళ్ళు పెట్టే టూరు బస్సుల్లో జెండా పట్టుకున్న మనిషి వెనకాల బడిపిల్లల్లా నడవడమూ నచ్చలేదు. ఈపూరు డీలరు భార్య రమణక్కకీ నచ్చలేదు. ఆమెది వ్యవసాయ కుటుంబం, ఎవరికీ జంకదు. "మనిద్దరం పోదాం పా. నోరుంది, కాళ్ళున్నాయి," అంది. అంతే, ప్రతి రేవులోనూ మేమిద్దరమే దిగి, మేమే బండి మాట్లాడుకుని తిరిగాం.

పెనాంగ్‌లో పాత వీధుల గోడలన్నీ రుద్ది చూశాను. ఒక నీలం గోడ అరచేతికి ఇంత సున్నం అంటించింది. ఫుకెట్‌లో మన ట్రాలీ ఆటోలాంటి బండి వెనక బెంచీ మీద, కూరగాయల గంపల మధ్య కూర్చుని బజారుకి వెళ్ళాం. రమణక్క అక్కడ ఎండుమిరపకాయల కుప్పలో చెయ్యి పెట్టి, కాయ విరిచి వాసన చూసి, "ఇయ్యి మన మిర్చి యార్డులో అయితే పనికిరాని తాలు కాయల్లో కలిపేత్తారు," అని ఆ అమ్మాయికి తెలుగులోనే చెప్పింది. ఆ అమ్మాయి ఏం అర్థం చేసుకుందో, నవ్వి ఇంకో గుప్పెడు వేసింది. ఆ రోజు తిరుగు బండి దొరక్క ఓడ తప్పిపోతుందేమోనని రేవు దాకా చీరలు ఎత్తి పట్టుకుని పరుగెత్తాం. పైనుంచి మా ఆయన ముఖం ఎర్రగా చేసుకుని చూస్తున్నాడు. నా జీవితంలో అంత సంతోషంగా పరుగెత్తింది లేదు.

వియత్నాంలో ఆఖరి రేవు దగ్గర మాత్రం ఒక సంగతి జరిగింది. చేపల బజారులో నడుస్తుంటే సిమెంటు నేల ఊగినట్టయింది. గోడకి చెయ్యి ఆనించాను. "ఇక్కడ కూడా రుద్దుతన్నావా?" అని రమణక్క ఎగతాళి చేసింది. నేనూ నవ్వాను. తిరిగి ఓడ ఎక్కగానే సర్దుకుంది. ఓడ ఎక్కితే కుదురుగా ఉండడం, నేల మీద ఊగడం ఏమిటని ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

ఇంటికి వచ్చాక అది పోలేదు. నిలబడితే ఊగుడు. కూర్చుంటే ఊగుడు. పడుకుంటే మంచం ఉయ్యాలైపోయేది. గల్లా దగ్గర చిల్లర లెక్కపెడుతుంటే అంకె మధ్యలో జారిపోయేది. ఒకసారి మీగడ రంగు అడిగినవాళ్ళకి వేరే నంబరు కొట్టాను. బావగారు బకెట్ మూత తీసి, నా ముఖం వైపు చూసి, మళ్ళీ మూత బిగించాడు. తిట్టినా బాగుండేది.

మా ఊరి డాక్టరు బీపీ, షుగరు చూసి "వీక్‌నెస్," అన్నాడు. టానిక్ రాశాడు. తర్వాత ఈఎన్‌టీ. "కళ్ళు తిరుగుతున్నాయా?" అని అడిగాడు, అవునన్నాను. మనకి ఏమైనా కళ్ళు తిరగడమే కదా. "వర్టిగో. చెవిలో క్రిస్టల్స్ జారాయి," అని నన్ను మంచం మీద వెల్లకిలా వేసి, తల కిందికి వేలాడదీసి అటూ ఇటూ తిప్పాడు. వాంతి తప్ప ఏమీ రాలేదు. ఎముకల డాక్టరు "సర్వైకల్ స్పాండిలోసిస్," అని మెడకి కాలర్ పెట్టాడు. కాలర్‌తో గల్లా దగ్గర కూర్చుంటే వచ్చినవాళ్ళంతా ముందు నా మెడ గురించి అడిగి, ఆ తర్వాత రంగు గురించి అడిగేవాళ్ళు. ఎంఆర్‌ఐ తీశారు. "క్లీన్‌గా ఉందమ్మా. టెన్షన్ పెట్టుకోకుండా హ్యాపీగా ఉండండి," అన్నారు. రిపోర్టు బాగుందంటే ఏడుపొచ్చిన మనిషిని నేనే అయి ఉంటాను. మా అత్తయ్య ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటుకి ఇల్లంతా దగ్గిందే గానీ నేల ఆగలేదు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మాచర్లకి సరుకు వెళ్తోంది. ఇంట్లో పడుకుని ఊగలేక, నేనూ వస్తానని ట్రాలీ ఆటో ఎక్కి డ్రైవరు మస్తాన్ పక్కన కూర్చున్నాను. బండి ఊరు దాటగానే అంతా ఆగిపోయింది. తల తేలికైంది. కంటి ముందు రోడ్డు రోడ్డులా ఉంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే దుమ్మనుకుని మస్తాన్ తన తువ్వాలు ఇచ్చాడు.

ఇక నన్ను ఎవరు ఆపుతారు? రోజూ ట్రాలీ ఎక్కాను. రాజుపాలెం, గురజాల, దుర్గి, ఎక్కడికి సరుకుంటే అక్కడికి. ఊరికే తిరిగితే బాగుండదని మేస్త్రీల దగ్గరికి వెళ్ళి ఆర్డర్లు పట్టాను. షేడ్ కార్డు ఒళ్ళో పెట్టుకుని కట్టే ఇళ్ళ ముందు బండి ఆపించేదాన్ని. షాపు వ్యాపారం పెరిగింది. కానీ సాయంత్రం బండి దిగగానే నేల నా మీదికి లేచేది. ప్రతి సాయంత్రం నిన్నటి కంటే ఎక్కువగా. దాంతో మర్నాడు ఇంకా పెందలాడే బండెక్కాలనిపించేది.

ఒకరోజు బావగారు అందరి ముందూ అనేశాడు. "ఇంట్లో ఉంటే జబ్బు, బండెక్కితే కులాసా. ఇదేం రోగమో నాకైతే తెలవదు. ఆ ఓడ తిరుగుళ్ళు మరిగి కాలు నిలవట్లా."

మా ఆయన తల దించుకున్నాడు. కాదని అనలేదు. బావగారి మాట కంటే ఆ మౌనం నన్ను ఎక్కువ కోసింది. ఆ మర్నాటి నుంచి గల్లా దగ్గర ఆయన బామ్మర్ది కూర్చున్నాడు. "ఆరోగ్యం చూసుకో అమ్మా," అన్నాడు బావగారు. అప్పటి నుంచి బండిలో బాగుంటుందన్న మాట నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే నాటకమాడుతున్నానని వాళ్ళకి నేనే రుజువు ఇచ్చినట్టు.

చివరికి మా ఆయనే గుంటూరులో ఒక న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళాడు. పెద్దావిడ, తొందర లేని మనిషి. పాత కాగితాలన్నీ పక్కన పెట్టి, "తిరుగుతోందా, ఊగుతోందా?" అని అడిగింది. ఊగుతోందన్నాను. "కారులో వచ్చారు కదా. కారులో ఎలా ఉంది?"

నేను చీర కొంగు సర్దుకున్నాను. పక్కనే మా ఆయన ఉన్నాడు. ఆవిడ మళ్ళీ అడిగింది. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేకపోయింది. "కారులో బాగుంటుందండీ. కారు ఆగితేనే బాగోదు," అన్నాను. మా ఆయన ఏమంటాడోనని ఒళ్ళు బిగదీసుకుని కూర్చున్నాను.

డాక్టరు పెన్ను కింద పెట్టింది. "ఈమధ్య ఓడ ఎక్కారా?"

మా ఆయన నోరు తెరిచాడు. ఓడ సంగతి మేము ఆవిడకి చెప్పనే లేదు.

"దీన్ని మాల్ డి డెబార్క్‌మెంట్ సిండ్రోమ్ అంటారు," అంది. "అన్ని రోజులు నీళ్ళ మీద ఉంటే బ్రెయిన్ ఆ ఊగుడికి అలవాటు పడుతుంది. దిగాక చాలామందికి ఒకటి రెండు రోజుల్లో పోతుంది. మీ బ్రెయిన్ ఇంకా ఓడ దిగలేదు. బండిలో కదలిక దొరుకుతుంది కాబట్టి హాయిగా ఉంటుంది. దిగితే మళ్ళీ మొదలు. ముందు ఆ బండి తిరుగుళ్ళు ఆపండి." తర్వాత మా ఆయన వైపు తిరిగి, "ఈవిడ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం," అంది. ఆ మాటకి నేను ఆస్పత్రి అని కూడా చూడకుండా వెక్కి వెక్కి ఏడ్చాను.

నాకు మందు అనుకున్నదే జబ్బుని పెంచి పోషించిందన్నమాట. కారులో తిరిగి వస్తుంటే ఫిరంగిపురం దాటాక మా ఆయన నా వైపు తిరిగాడు. "ఆ రోజు అన్నయ్య అన్నప్పుడు నేను నోరెత్తకపోవటం తప్పే," అన్నాడు. అవును తప్పే అన్నాను. ఊరుకునే మనిషిని కాను.

వైద్యం చూడడానికి పిల్లల ఆటలా ఉంటుంది. ఎదుటి తెర మీద నల్లటి, తెల్లటి చారలు మెల్లగా ఒక పక్కకి జరుగుతుంటాయి. ఫిజియోథెరపిస్ట్ నా తల పట్టుకుని ఈ భుజం వైపూ ఆ భుజం వైపూ వంచుతుంది. రాత్రికి ఒక చిన్న మాత్ర. "అందరికీ పనిచెయ్యదు, ముందే చెబుతున్నా," అంది డాక్టరు. మొదటి రోజు లేచి నిలబడితే నేల దాదాపు ఆగింది. కారెక్కి ఇంటికి వచ్చి దిగేసరికి మళ్ళీ మొదటికొచ్చింది. రెండోసారీ అంతే. దాంతో గుంటూరులోనే ఆస్పత్రికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న మా పిన్ని ఇంట్లో ఉండిపోయాను. కాలు ఒకచోట నిలవని నన్ను ఏ బండీ ఎక్కవద్దన్నారు. ఆ వీధి అటు చివర నుంచి ఇటు చివరకి నేను నడిచిన నడకలకి కుక్కలు కూడా మొరగడం మానేశాయి.

ఊగుడు తగ్గింది. పూర్తిగా పోలేదు. బంధువుల పెళ్ళికి బెజవాడ దాకా బస్సులో వెళ్ళి వస్తే మళ్ళీ లేచింది, మళ్ళీ ఆ తెర ముందు కూర్చున్నాను. ఇంటికి తిరిగొచ్చాక మెషిన్ దగ్గర నిలబడ్డాను గానీ గల్లా కుర్చీ నాకు రాలేదు. నేను అడగలేదు, వాళ్ళు ఇవ్వలేదు.

నేను ట్రాలీలో తిరిగి తెచ్చిన ఆర్డర్లతో ఆ ఏడూ టార్గెట్ దాటింది. కంపెనీ మళ్ళీ ఓడ టూరు ఇచ్చింది. ఈసారి బావగారూ మా తోటికోడలూ వెళ్ళారు. వచ్చిన మర్నాడు బావగారు షాపులో అడుగు పెట్టి, రెండడుగులు వేసి ఆగాడు. మెల్లగా చెయ్యి చాచి గోడకి ఆనించాడు.

నేను మెషిన్ దగ్గరి నుంచి అడిగాను. "ఏంది బావగారూ, గోడ సుద్ద రాలతందా?"

"లేదమ్మా. నేలే..." అని ఆగిపోయాడు.

"కారులో వచ్చేటప్పుడు ఎట్టా ఉంది?"

"కారులో బానే ఉం..." అని నా వైపు చూసి నోరు మూసుకున్నాడు. ఆ ముఖం చూసి నవ్వాలనుకున్నాను, నవ్వు రాలేదు. కుర్చీ తెచ్చి వేసి, రెండు రోజుల్లో పోతుందని చెప్పాను. పోకపోతే డాక్టరు ఫలానా అని కూడా చెప్పాను. రెండు రోజుల్లోనే ఆయనకి పోయింది. ఆ మర్నాడే బామ్మర్దిని గోడౌన్‌లో సరుకు లెక్కకి పెట్టాడు. గల్లా కుర్చీ ఖాళీగా ఉంది. నేను వెళ్ళి కూర్చున్నాను.

ఇప్పటికీ అలసిపోయిన సాయంత్రాల్లో ఆ కుర్చీ కొంచెం ఊగుతుంది. మాత్ర ఆగింది, నడక ఉంది. దూర ప్రయాణమైతే మధ్య మధ్యలో బండి ఆపించి నాలుగు అడుగులు వేస్తాను. రమణక్క ఫోన్ చేసినప్పుడల్లా మళ్ళీ ఓడ ఎప్పుడని అడుగుతుంది. నాకూ వెళ్ళాలనే ఉంది, అది దాచను.

ఇది చదివేవాళ్ళకి ఒక్కటే చెబుతాను. డాక్టరు దగ్గర ఎప్పుడు బాగోలేదో చెప్పి ఊరుకోకండి. ఎప్పుడు బాగుంటుందో కూడా చెప్పండి. అది వినడానికి అబద్ధంలా ఉన్నా, పక్కన ఎవరు కూర్చుని ఉన్నా, ముందు అదే చెప్పండి.