కాక పేరు కింద గీత

వికారాబాద్ దగ్గర యాంటీబయోటిక్ ఫ్యాక్టరీలో నేను షిఫ్టు కెమిస్టుని. మందునిచ్చే బూజును అక్కడ పెద్ద పెద్ద ట్యాంకుల్లో పెంచుతాం. చక్కెర నీళ్లు ఎక్కువ పోస్తే మందు పెరుగుతుందని వాదించి, ఒక ట్యాంకును ప్రయోగానికి ఇప్పించుకున్నాను. అది పాడైతే ఇక రానక్కర్లేదని మేనేజరు ముఖం మీదే చెప్పాడు.

మూడో రోజుకు బూజు గంజిలా చిక్కబడింది. మందు మాత్రం చుక్కైనా పెరగలేదు. మీటరు మీద ఆక్సిజన్ అంకె పడిపోతూనే ఉంది. అది మరీ పడిపోతే బూజు చచ్చి, ట్యాంకు పోయినట్టే.

ఆ ట్యాంకు ఆపరేటరుది పెద్దేముల్ ఊరు, అందరం కాక అంటాం. ఇంటి దగ్గర కంది వేస్తాడు.

"ఏపు మీదున్నది బిడ్డా. వానలెక్కువైతే కంది గూడ గిట్లనే. చెట్టు పెరుగుతది, కాయ పట్టది. జర ఎండనియ్యి," అన్నాడు.

"ఇది నీ చేను కాదు కాకా," అని కసిరాను. నోటి దురుసు నాకు పుట్టుకతోనే వచ్చింది.

మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి చక్కెర వాల్వు కట్టేసి ఉంది. ఒళ్లు మండిపోయింది.

"ఎవరు బంద్ చేసిండ్రు?"

"నేనే. ఫికర్ చెయ్యకు."

తెరుద్దామని వాల్వు మీద చెయ్యి వేశాను. అప్పుడే పాడు బుద్ధి పుట్టింది. ట్యాంకు ఎలాగూ పోతోంది, తప్పు నాది కాకపోతే చాలు. వాల్వు అలాగే వదిలేసి, రిజిస్టరులో కాక పేరు పూర్తిగా రాశాను. పేరు కింద గీత గీసి, 'నన్నడగకుండా చక్కెర ఆపాడు' అని చేర్చాను. ఆయన కాంట్రాక్టు మనిషి. ఇంటికి పంపడానికి ఆ ఒక్క ముక్క చాలని నాకు తెలుసు.

తర్వాత ఇద్దరం మీటరు ముందు నిలబడ్డాం. పడిపోతున్న అంకె ఆగింది. మెల్లగా పైకి లేచింది. సాయంత్రం పరీక్షలో మందు మొదటిసారి పెరిగింది. మేనేజరు నేను రాసిన ముక్కను పట్టించుకోకుండా రిజిస్టరులో సంతకం చేసి, చక్కెర ఇక కొద్దికొద్దిగానే ఇమ్మని వెళ్లిపోయాడు. నా ఉద్యోగం నిలబడింది.

మర్నాడు కాక ఆ పేజీ తెరిచి నన్ను పిలిచాడు. తన పేరు ఒక్కటే చదవడం వచ్చు ఆయనకు.

"ఇన్నేండ్లల్ల గీ బుక్కుల నా పేరు ఎవ్వలు రాయలే బిడ్డా. నువ్వు రాసినవ్, కింద గీత గూడ గీసినవ్," అంటూ ఆ గీతను వేలితో తడిమాడు. "గా పక్కనున్న మాటలేందో జర చదువు. ఇంటికాడ చెప్త."



"ట్యాంకును కాపాడిండు," అని చదివాను.